అమ్మమ్మ చంక దిగని పిల్ల
పర్లాకిమిడిలో అక్క బ్యాంకుకి వెళ్లిందంటే, ఎనిమిది నెలల మా మేనకోడలు అమ్మమ్మ చంక దిగదు. "తల్లి దగ్గర చేరిక లేదు, పాపం" అని పక్కింటి ఒడియా మావుసి జాలి. సాయంత్రం అక్క చెప్పుల చప్పుడుకి అది ఎగిరి దూకడం ఆవిడ చూస్తేగా! అక్కకి మాత్రం టెన్షన్.

1964లో షాఫర్, ఎమర్సన్ అనే మనస్తత్వ పరిశోధకులు గ్లాస్గోలో 60 మంది పసిపిల్లల మీద చేసిన అధ్యయనం వెలువడింది. పాలు పట్టినంత మాత్రాన బిడ్డ అతుక్కుపోదట. ఏడిస్తే వెంటనే పలికేవాళ్లకి, ఆడించేవాళ్లకి దగ్గరవుతుంది. ఏడాదిన్నరకల్లా చాలామంది పిల్లలకు అలాంటివాళ్లు ఒకరికి మించే ఉన్నారు. అందులో తండ్రులూ ఉన్నారు. ఆ ముక్క మా బావ మళ్లీ మళ్లీ చదివించుకున్నాడు.