చిన్నబిడ్డలున్న ఇంట్లో పండగలు: భోగిపళ్ళ నుంచి క్రిస్మస్ నక్షత్రం దాకా

చిన్నబిడ్డలున్న ఇంట్లో పండగ వేళను పంచాంగం సగమే చెబుతుంది. మిగతా సగం బిడ్డ మధ్యాహ్నం నిద్ర చెబుతుంది. ఏడాదీ రెండేళ్ళ బిడ్డ ఒంటిగంటకు పడుకుని మూడింటికి లేస్తుందంటే, పేరంటమైనా కేకైనా నాలుగున్నరకు మొదలుపెట్టి ఆరుకల్లా ముగించేయాలి. ఆరున్నర దాటితే ఆకలీ నిద్రా ఒకేసారి వచ్చి పడతాయి. పైగా ఒంటిమీద జరీ గుచ్చుకుంటూ ఉంటుంది, చుట్టూ ఎన్నడూ చూడని మొహాలు. అప్పుడు ఏడిస్తే దిష్టి తగిలిందంటారు పెద్దవాళ్ళు. దిష్టి తీయండి, కానీ ముందు నాలుగు ముద్దలు పెరుగన్నం పెట్టండి.

ఇక్కడ రాసేదంతా ఐదేళ్ళలోపు పిల్లల గురించి, అదీ మన నెల్లూరు, ప్రకాశం వైపు లెక్కలో. మనకు ఏడాది వానలో పెద్ద భాగం అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. అంటే దీపావళీ క్రిస్మస్ మనకు వానాకాలం పండగలు. మే నెల పుట్టినరోజులేమో 40 డిగ్రీలు దాటిన ఎండలో వస్తాయి. వేరే ఊళ్ళ సలహాలు చాలావరకు ఇక్కడే దెబ్బతింటాయి.

భోగితో మొదలుపెడదాం. ఒక బిడ్డకు, పది పన్నెండు మంది పేరంటాళ్ళకు రేగిపళ్ళు అరకిలో, బంతిపూలు అరకిలో, చెరకు రెండు కణుపులు, నానిన శనగలు ఒక గ్లాసు, రూపాయి బిళ్ళలు ఇరవయ్యో ముప్పయ్యో, అక్షింతలు ఉంటే చాలు. రేగిపళ్ళు దేశవాళీ చిన్నవే తీసుకోవాలి. జామకాయంత ఉండే ఆపిల్ రేగు నెత్తిన పడితే బిడ్డకు నొప్పి. చెరకు తొక్క పూర్తిగా చెక్కేసి గోరంత ముక్కలు కోయాలి, తొక్క అంచు చెంపను కోస్తుంది. బంతిరేకులు ఆ పూటే తుంచాలి. ముందురోజే తుంచి కవర్లో కట్టిపెడితే చెమ్మకు నల్లబడి కొత్త బట్టలకు మరకలవుతాయి. పేరంటాళ్ళకు ఇచ్చే శనగలు వేరే లెక్క. మనిషికి గుప్పెడు చొప్పున ఇరవై మందికి అరకిలో నానబెడితే కిలో దాకా అవుతాయి. పది గంటలు నానాలి, మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చాలి. మార్చకపోతే జిగురొచ్చి వాసన వేస్తాయి.

బిడ్డను పీట మీద తూర్పు మొహంగా కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, ముందు తల్లి పోస్తుంది. దోసిలి తలచుట్టూ మూడుసార్లు తిప్పి, నెత్తికి జానెడు ఎత్తు నుంచి మెల్లగా వదలాలి. నిలబడి పై నుంచి పోస్తే బిళ్ళలు కంటికి తగులుతాయి. తల్లి తర్వాత అమ్మమ్మా నాయనమ్మా పోస్తే బిడ్డ బెదరదు, కొత్తవాళ్ళను చివర పిలవండి. కూర్చోలేని పసిబిడ్డ తల్లి ఒళ్ళోనే ఉండాలి. వాళ్ళ మాడు పూడడానికి ఏడాదిన్నర దాకా పడుతుంది కాబట్టి నెత్తిన రేకులూ అక్షింతలే పోయాలి. పళ్ళు, బిళ్ళలు ఒళ్ళోకి జారవిడిస్తే ఆచారమూ నడుస్తుంది, బిడ్డా క్షేమంగా ఉంటుంది.

అసలు జాగ్రత్త హారతి అయ్యాకే. నాలుగేళ్ళలోపు పిల్లల గొంతుకు అడ్డం పడే వస్తువులు ఏవని డాక్టరును అడిగితే, గట్టి గింజలు, గుండ్రటి పళ్ళు, నాణేలు అంటారు. భోగిపళ్ళ పళ్ళెంలో ఉండేవన్నీ అవే. పైగా అవి నేలంతా చెల్లాచెదురుగా ఉంటాయి, పాకే బిడ్డ కంటికి మనకంటే ముందు కనబడతాయి. కింద పాత చీర పరిచి దాని మీద పీట వేస్తే, అయిపోగానే నాలుగు కొసలూ పట్టి ఎత్తేయొచ్చు. బిడ్డను చంకనెత్తుకున్నవాళ్ళు దించకముందే మంచం కింద, సోఫా కింద కసువూడ్చాలి. బిళ్ళలు ఎన్ని పోశారో ముందే లెక్కపెట్టుకుంటే, తర్వాత ఎన్ని దొరికాయో తెలుస్తుంది.

ఏదైనా అడ్డం పడ్డప్పుడు బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి, గాలి ఆడుతోందని అర్థం. శబ్దం రాకుండా మొహం నల్లబడుతుంటే మాత్రం క్షణం ఆగకూడదు. ఏడాదిలోపు బిడ్డను తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, వీపు మీద రెండు భుజాల ఎముకల మధ్య, మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో 5 సార్లు చరచాలి. వెల్లకిలా తిప్పి రొమ్ము నడిమధ్య రెండు వేళ్ళతో 5 సార్లు నొక్కాలి. ఏడాది దాటిన బిడ్డను ముందుకు వంచి వీపు మీద 5 సార్లు చరిచి, వెనక నుంచి చేతులు చుట్టి బొడ్డుకు కాస్త పైన పిడికిలితో లోపలికీ పైకీ 5 సార్లు నొక్కాలి. బయటికి వచ్చేదాకా ఇదే మార్చి మార్చి చేస్తూ, ఇంకొకరి చేత 108కి ఫోన్ చేయించాలి. కనబడని దానికోసం నోట్లో వేలు పెడితే అది ఇంకా లోపలికి పోతుంది. బిళ్ళ మింగిందని అనుమానమొస్తే అరటిపండు తినిపించి దింపాలని చూడొద్దు, వాంతి చేయించొద్దు. నేరుగా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

తెల్లవారుజామున భోగిమంటకు పసిబిడ్డను తీసుకెళ్ళనవసరం లేదు. ఎత్తుకుని వెళ్ళేవాళ్ళు గాలి వచ్చే వైపున నిలబడండి, పొగ మీదికి రాదు. మంటలో టైరు ముక్క, ప్లాస్టిక్ కుర్చీ పడుతుంటే వెంటనే వెనక్కి వచ్చేయండి. పిల్లల చేత భోగిపిడకలు చేయించాలంటే డిసెంబరు ఆఖరులోనే మొదలుపెట్టాలి. వాన ముసురూ ధనుర్మాసపు మంచూ కలిసి వాటిని ఎండనివ్వవు. అరచేతి కంటే చిన్నగా, పలచగా తట్టి, నడుమ వేలు దూరే రంధ్రం పెట్టి, ఎండ తగిలే గోడకు కొడితే పండగకు దండ గుచ్చొచ్చు. చేతికి గాయమున్న బిడ్డను పేడలో చెయ్యి పెట్టనివ్వకండి. ధనుర్వాతం రాకుండా ఏడాదిన్నరకు ఒకటి, ఐదారేళ్ళకు ఒకటి వేయించాల్సిన బూస్టరు టీకాలు పడ్డాయో లేదో కార్డు చూసుకోండి. నెల్లూరులో ఉన్నవాళ్ళు సంక్రాంతి వెళ్ళాక పెన్న ఒడ్డున జరిగే ఏటి పండగకు గొబ్బెమ్మలతో పిల్లలను తీసుకెళ్ళవచ్చు. అయితే ఇసుకలో నీటిగుంటలు ఎంత లోతో పైకి తెలియదు, చెయ్యి వదలకూడదు.

ఉగాది పచ్చడి పిల్లలకు వేలితో నాకిస్తే చాలు. తేనె కలిపే ఇళ్ళలో ఏడాదిలోపు బిడ్డకు అది కూడా వద్దు.

పుట్టు వెంట్రుకలు మన వైపు పెంచలకోనలోనో, జొన్నవాడలోనో, మాలకొండలోనో తీయిస్తారు. మాలకొండ గుడి శనివారమే తెరుస్తారు కాబట్టి ఆ రోజు జనం విపరీతం. ఎండ ముదరకముందే దిగేలా బయల్దేరాలి. ముందురోజే ఇంట్లో కత్తెరతో జుట్టు పొట్టిగా కత్తిరించి ఓ గుప్పెడు మొక్కుకు దాచిపెట్టుకుంటే, అక్కడ గుండు చేయడం సగం సమయంలో అయిపోతుంది. కొత్త బ్లేడు మన కళ్ళముందే తీయించాలి. గీసుకుపోయిన చోట గంధం పూయకండి, మిగతా తలకు పూయండి. తిరుగు ప్రయాణానికి నూలు టోపీ మరిచిపోవద్దు.

పుట్టినరోజు తిథికి చేయాలా, తేదీకి చేయాలా అన్నది ప్రతి ఇంట్లో వచ్చే చర్చ. చాంద్రమాన సంవత్సరం దాదాపు 11 రోజులు పొట్టి, అధికమాసం వచ్చి మళ్ళీ సర్దుతుంది. అందుకే తిథీ తేదీ మళ్ళీ కలిసేది సుమారు 19 ఏళ్ళకు. రెండూ ఒకే రోజున ఇరికించే కంటే తిథి నాడు తలంటూ హారతీ గుడీ, తేదీ నాడు సాయంత్రం కేకూ పెట్టుకుంటే బిడ్డకు సుఖం. తలంటుకు నువ్వులనూనె ముందు మోచేతి దగ్గర రాసి చూడండి, నలుగుపిండిని గట్టిగా రుద్దకండి.

కిలో కేకు 70, 80 గ్రాముల ముక్కలుగా కోస్తే పన్నెండు, పద్నాలుగు మందికి వస్తుంది. అందరికీ కేకు సరిపోవాలని మూడు కిలోలు చెప్పేకంటే కిలో కేకు, పక్కన పులిహోర, చిన్న ఇడ్లీలు, పాయసం పెడితే పిల్లలు నిజంగా తింటారు. మే నెలలో క్రీము కేకు అరగంటలో జారిపోతుంది. అంగడి నుంచి ఆఖరు గంటలో తెచ్చి ఫ్రిజ్జులో పెట్టి, అందరూ వచ్చి కూర్చున్నాకే బయటికి తీయాలి. ఎండాకాలం కరెంటు మీద నమ్మకం లేని ఊళ్ళో క్రీము లేని సాదా కేకు చెప్పడమే మేలు.

కేకు మీద నిప్పురవ్వలు చిమ్మే కొవ్వొత్తి చిచ్చుబుడ్డికి తమ్ముడే, దానికి బిడ్డ మొహం మూరెడు దూరంలో ఉంటుంది. అది వద్దు. నురుగు చిమ్మే స్ప్రేలు చాలావాటిలో మండే వాయువు ఉంటుంది, కొవ్వొత్తి వెలుగుతుండగా కొడితే మంట బట్టలకు పాకుతుంది. వీధిలో అమ్మే గాలిబుడగల్లో చాలాసార్లు హైడ్రోజన్ నింపుతారు, అవి దీపం దగ్గరికి పోతే భగ్గుమంటాయి. మామూలు బెలూన్ పగిలాక మిగిలే రబ్బరు ముక్క ఇంకా ప్రమాదం. గొంతులో అతుక్కుంటే దగ్గినా రాదు, పగిలినవెంటనే ముక్కలు ఏరేయాలి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది పాట పాడే కొవ్వొత్తి, మెరిసే బూట్లు, చిన్న చిన్న బహుమతి బొమ్మలు. వాటిలో బటన్ బ్యాటరీ ఉంటుంది. మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. బిళ్ళ మింగినదానికీ దీనికీ పోలిక లేదు, పొద్దున చూద్దాంలే అనకూడదు. బహుమతులు విప్పగానే బ్యాటరీ మూతకు స్క్రూ ఉందో లేదో చూసి, లేనివి పైన పెట్టేయండి.

కోరికను బట్టి రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే రొట్టెల పండుగ మొహర్రం నెలలో, నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరుగుతుంది. 2025లో జూలై మొదట్లో వచ్చింది. ఏటా పదకొండు రోజులు ముందే వస్తుంది కాబట్టి వచ్చే కొన్నేళ్ళు జూన్, మే ఎండల్లో పడుతుంది. ఆరోగ్య రొట్టె, విద్యా రొట్టె పట్టుకోవాలని బిడ్డలను ఎత్తుకుని వచ్చేవాళ్ళే ఎక్కువ. తెల్లవారి ఎండ ఎక్కకముందే వెళ్ళి రావాలి. బిడ్డ ముంజేతి మీద మీ ఫోన్ నంబరు చెరగని పెన్నుతో రాయండి, ఆ పూట వేసిన బట్టలతో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. తప్పిపోతే మొదట అడిగేది అదే. చెరువులో దిగేటప్పుడు రొట్టె ఒకరు పట్టుకోవాలి, బిడ్డను ఇంకొకరు పట్టుకోవాలి. ఓఆర్‌ఎస్ పొడి పెద్ద ప్యాకెట్టు సరిగ్గా లీటరు నీళ్ళలో కలపాలి. అరలీటరు సీసాలో కలిపితే ఉప్పు ఎక్కువై మేలు కంటే కీడే.

వినాయకచవితికి మట్టి పిసకడమంటే పిల్లలకు ప్రాణం, చేయనివ్వండి. కిలో బంకమన్ను జానెడు బొమ్మకు సరిపోతుంది. నీడలో మూడు నాలుగు రోజులు ఆరాలి, ఎండలో పెడితే బీటలిస్తుంది. నా పట్టుదల పత్రి దగ్గర. ఇరవయ్యొక్క పత్రిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉన్నాయి. ఉమ్మెత్త కాయ గింజలు తింటే మతి తప్పి ఒళ్ళు కాలిపోతుంది, గన్నేరు గుండె మీద పని చేస్తుంది, జిల్లేడు పాలు కంట్లో పడితే నల్లగుడ్డు మసకబారుతుంది. ఈ మూడూ పెద్దవాళ్ళే తుంచి, విడిగా కట్టి, పూజయ్యాక పిల్లలకు అందని చోటికి తీసేయాలి. మారేడు, గరిక, తులసి, మామిడాకు పిల్లల చేతికిచ్చి వేయించండి, వాళ్ళకు కావలసింది స్వామి మీద ఆకు వేయడమే.

దీపావళి నాటికి మన వైపు ముసురు పట్టి ఉంటుంది. మందుసామాను కొన్న రోజే మూతగట్టి రేకు డబ్బాలో పెట్టి, ఎండ కనబడ్డ పూట మాత్రమే బయట ఆరబెట్టాలి. పొయ్యి దగ్గర, పెనం మీద ఆరబెట్టడం ఎంత మాత్రం వద్దు. తడిసి ఆరిన చిచ్చుబుడ్డిలో మందు బీటలిచ్చి మంట ఒక్కసారిగా లోపలికి పాకుతుంది, బుడ్డి పగలొచ్చు. తడిసినవి బకెట్టు నీళ్ళలో ముంచి పారేయడమే. ప్రమిదలను కొన్నిగంటలు నీళ్ళలో నానబెట్టి ఆరబెడితే నూనె పీల్చవు. గాలివాన ఉంటే దీపాలు వసారా లోపలే, బిడ్డ లంగా అంచు తగలని ఎత్తులో పెట్టాలి.

2018లో సుప్రీంకోర్టు దీపావళి టపాసులకు రాత్రి 8 నుంచి 10 దాకా సమయం పెట్టింది. ఎనిమిదిన్నరకు పడుకునే బిడ్డకు అది నిద్రవేళ. మధ్యాహ్నం నిద్ర నాలుగింటి దాకా సాగనిచ్చి, ఏడున్నరకే అన్నం పెట్టేస్తే తొమ్మిది దాకా హుషారుగా ఉంటుంది. పట్టులంగా పూజ దాకానే, తర్వాత ఒంటికి పట్టే నూలు బట్టలు, కాళ్ళకు చెప్పులు. కాకరపువ్వొత్తి కొసన వేడి వెయ్యి డిగ్రీల పైమాటే. ఐదేళ్ళలోపు బిడ్డ చేతికి విడిగా ఇవ్వకుండా పొడుగు రకం తీసుకుని పెద్దవాళ్ళు పట్టుకోవాలి. ఆరిపోయిన తీగ కూడా కాలుస్తుంది, ఎర్రగా కనబడదు కాబట్టి తొక్కేస్తారు. పక్కనే ఇసుక బకెట్టు పెట్టి ప్రతి తీగా అందులో గుచ్చాలి. పాము బిళ్ళల పొగ పిల్లల ఊపిరికి మంచిది కాదు, అవి కొనకండి. పసిబిడ్డను తలుపులు మూసిన లోపలి గదిలో ఉంచాలి.

కాలితే కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు. ఐసు, పసుపు, ఇంకు, పేస్టు ఏదీ వద్దు. అతుక్కున్న బట్ట లాగొద్దు. మొహం, చేతులు, కీళ్ళ మీద కాలితే చిన్నదైనా ఆసుపత్రికే. మరునాడు పొద్దున పిల్లలు లేవకముందే వాకిలి ఊడ్చి, పేలకుండా మిగిలినవి నీళ్ళలో వేయాలి, పిల్లలు ఏరుకునేది అవే.

క్రిస్మస్ నక్షత్రం కట్టేవాళ్ళకు ఒక్క మాట. వానచినుకులు ఇంకా ఆగని రోజులవి. బల్బు వైరు అతుకులు మిద్దె మీద బయట పెట్టకుండా ఇంటి లోపలికి వచ్చేలా లాగండి. వైరు గోడలోంచి లోపలికి వచ్చే ముందు, బయటే కిందికి వేలాడేలా ఒక వంపు వదిలితే నీళ్ళు ప్లగ్గు దాకా పారకుండా ఆ వంపు దగ్గరే కారిపోతాయి. ప్లగ్గు బిడ్డకు అందని ఎత్తులో ఉండాలి, పడుకునే ముందు తీసేయాలి.