టేకాఫ్ పరుగులో రెండో గొంతు: కో-పైలట్‌గా నా శిక్షణ

విమానం పరుగు మొదలుపెట్టాక నేలను వదలడానికి ముప్ఫై, నలభై సెకన్లు పడుతుంది. ఆ కాస్త సమయంలో కెప్టెన్, కో-పైలట్ చెప్పుకునే మాటలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ నాలుగు మాటలు సరిగ్గా చెప్పడానికి నాకు నెలల తరబడి శిక్షణ ఇచ్చారు. విమానం నడపడం కదా కష్టం, మాటలు చెప్పడంలో ఏముందని మా నాన్న అడిగారు. నడపడం ఒక ఎత్తు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవారైన కెప్టెన్ చేస్తున్న పనిని పక్కనుంచి గమనిస్తూ, తేడా కనిపించిన క్షణంలోనే నోరు తెరవడం మరో ఎత్తు. నాకు ఎక్కువ కాలం పట్టింది ఈ రెండోదానికే.

మాది విజయనగరం. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కావలసిన 200 గంటల్లో ఎక్కువ భాగం చిన్న సెస్నా విమానంలో ఎగిరాను. అందులో పక్క సీటులో శిక్షకుడు ఉంటాడు, లేదంటే ఆ సీటు ఖాళీగా ఉంటుంది. ఇద్దరు పైలట్లు పని పంచుకునే కాక్‌పిట్ ఎలా ఉంటుందో ఎయిర్‌బస్ ఏ320 శిక్షణకు గురుగ్రామ్ వెళ్లాకే తెలిసింది. అక్కడ మొదట మమ్మల్ని సిమ్యులేటర్ (కాక్‌పిట్‌ను అచ్చుగా పోలిన శిక్షణ యంత్రం) ఎక్కించలేదు. తరగతి గదిలో కూర్చోబెట్టి పాత ప్రమాదాల గురించి చెప్పారు.

టెనెరిఫె గురించి చాలామందికి తెలుసు. 1977 మార్చి 27న కెనరీ దీవుల్లోని ఆ విమానాశ్రయంలో దట్టమైన పొగమంచు. ఒకే రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు. డచ్ సంస్థ కేఎల్ఎం కెప్టెన్ టేకాఫ్ అనుమతి రాకుండానే పరుగు మొదలుపెట్టాడు. అమెరికా సంస్థ పాన్ యామ్ విమానం ఇంకా రన్‌వే మీదే ఉంది. మొత్తం 583 మంది చనిపోయారు. మా శిక్షకుడు మాత్రం ఈ సంఖ్య దగ్గర ఆగలేదు, కేఎల్ఎం కాక్‌పిట్‌లోని ఫ్లైట్ ఇంజనీర్ దగ్గర ఆగారు. పాన్ యామ్ రన్‌వే దాటి వెళ్లిపోలేదా అని ఆ ఇంజనీర్ అడిగాడు. వెళ్లిపోయిందని కెప్టెన్ గట్టిగా బదులిచ్చాడు. ఆ కెప్టెన్ ఆ సంస్థలో మిగతా పైలట్లకు పాఠాలు చెప్పే స్థాయి మనిషి. ఇక రెండోసారి ఎవరూ అడగలేదు.

నన్ను ఇంకా ఎక్కువగా వెంటాడింది 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో జరిగిన ఎయిర్ ఫ్లోరిడా ప్రమాదం. మంచు కురుస్తున్న రోజు. ఇంజన్లలో మంచు పట్టకుండా చూసే వ్యవస్థను పైలట్లు ఆన్ చేయలేదు. ఒత్తిడిని కొలిచే గొట్టాలు మంచుతో మూసుకుపోయి, ఇంజన్ల శక్తిని మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువగా చూపించాయి. విమానం నడుపుతున్నది కో-పైలట్. పరుగు మొదలైన కాసేపటికే మీటర్లు చూసి, ఇది సరిగా లేదన్నాడు. బాగానే ఉందని కెప్టెన్ అన్నాడు. నాకలా అనిపించడం లేదని కో-పైలట్ మళ్లీ అన్నాడు. ఆ వెంటనే, ఏమో, సరిగానే ఉందేమో అని తగ్గిపోయాడు. ఆపడానికి అప్పటికి ఇంకా రన్‌వే మిగిలే ఉంది. విమానం లేచినట్టే లేచి, వంతెనను ఢీకొని పొటోమాక్ నదిలో పడింది. వంతెన మీదున్న నలుగురితో కలిపి 78 మంది మరణించారు. ‘ఏమో, సరిగానే ఉందేమో’ అనే ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. పెద్దవాళ్లు కాదంటే సర్దుకుపోవడాన్ని మన ఇళ్లలో మంచి పెంపకం అంటారు. నేను పెరిగిందీ అలాగే.

సిమ్యులేటర్‌లో టేకాఫ్ పని విభజన ఇలా నేర్పారు. ఒకరు నడుపుతారు, రెండోవారు గమనిస్తారు. ఎవరు నడుపుతున్నా, ఇంజన్ల శక్తిని పెంచే, తగ్గించే థ్రస్ట్ లీవర్లు ముందుకు వెళ్లి శక్తి స్థిరపడ్డాక వాటి మీద చేయి కెప్టెన్‌దే. ఆపాలా, కొనసాగించాలా అన్న నిర్ణయం ఆయనది కాబట్టి. గమనించేవారు ఇంజన్ల అంకెలు చూసి, శక్తి సరిపోయిందని చెప్పాలి. వేగం 100 నాట్లకు (గంటకు సుమారు 185 కిలోమీటర్లకు) చేరగానే ‘వన్ హండ్రెడ్’ అనాలి. నడిపేవారు తమ వైపు తెర మీద కూడా అదే వేగం కనిపిస్తోందో లేదో చూసి ‘చెక్డ్’ అని బదులివ్వాలి. 100 దాటాక చిన్నచిన్న హెచ్చరికలకు ఆపరు. మంటలు, ఇంజన్ శక్తి పోవడం, విమానం ఎగిరే స్థితిలో లేదన్న స్పష్టమైన సూచన లాంటివాటికే ఆపుతారు. వీ-వన్ అనే వేగం రాగానే కెప్టెన్ లీవర్ల మీది చేయి తీసేస్తారు. అక్కడి నుంచి ఏం జరిగినా ఎగరాల్సిందే. ఆ చేయి తీసేయడం మొదటిసారి చూసినప్పుడు, ఇద్దరం కలిసి ఒక గీత దాటామని నాకు స్పష్టంగా తెలిసింది.

మా శిక్షకులలో ఒకరు వాయుసేనలో పనిచేసి వచ్చిన తెలుగాయన. సిమ్యులేటర్ లోపల ఇంగ్లిషు తప్ప మరో మాట మాట్లాడరు. టీ తాగేటప్పుడు మాత్రం, “అమ్మా, నువ్వు ‘వన్ హండ్రెడ్’ అంటున్నది నీ పని అయిపోయిందనిపించుకోవడానికి కాదు. కెప్టెన్ ఇచ్చే బదులు కోసం. బదులు రాలేదంటే అప్పుడే నీ అసలు పని మొదలవుతుంది” అన్నారు. ఆ మాట ఎందుకన్నారో మరుసటి పాఠంలో తెలిసింది. కెప్టెన్ సీటులో ఉన్న నా సహచరుడికి ఆయన నాకు తెలియకుండా ఏదో చెప్పి ఉంచారు. పరుగు మామూలుగానే మొదలైంది. 100 దగ్గర ‘వన్ హండ్రెడ్’ అని పిలిచాను. బదులు లేదు. ఇంజన్లు హోరెత్తుతున్నాయి, వేగం పెరుగుతూనే ఉంది. మళ్లీ పిలిచాను. అతను కదలకుండా ముందుకు చూస్తున్నాడు. రెండు పిలుపులకూ బదులు రాకపోతే ఎదుటి మనిషి స్పృహలో లేనట్టే లెక్క అని నేర్పారు. నియంత్రణ నేను తీసుకుంటున్నానని ప్రకటించి లీవర్లను వెనక్కి లాగాను. దానంతటదే పడే ఆటోబ్రేక్ పట్టుకుంది. విమానం ఆగాక, అనుమతులిచ్చే కంట్రోల్ టవర్‌కు చెప్పాను. ఆ తర్వాత చాలాసేపు నా గుండె దడ తగ్గలేదు. ఎందుకు ఆపావని అడగకుండా, మొదటి పిలుపుకీ రెండో పిలుపుకీ మధ్య ఏం ఆలోచించావని శిక్షకుడు అడిగారు. కెప్టెన్ ఏమనుకుంటారో అన్న ఆలోచన ఆ క్షణంలో నాకు రాలేదని చెప్పాను. మంచిదన్నారు.

ప్రయాణికులతో ఎగిరే శిక్షణ మొదలయ్యాక నాకు బాగా నేర్పింది ముంబై. అక్కడ రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి కాబట్టి మామూలుగా ఒక్కసారికి ఒకటే వాడతారు. దిగేవీ, ఎగిరేవీ దాని మీదే. ఒకటి దిగి పక్కకు తప్పుకోగానే మనం వెళ్లాలి, మన వెనక మరొకటి దిగడానికి వస్తూ ఉంటుంది. 2024 జూన్ 8న అక్కడ ఒక విమానం ఇంకా పరుగులో ఉండగానే వెనక నుంచి మరొకటి దిగింది. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు. అదే ఏడాది జనవరి 2న టోక్యోలోని హనెదా విమానాశ్రయంలో అలా ప్రమాదం తప్పలేదు. టేకాఫ్ వరుసలో మొదటి స్థానం తనదని విన్న తీర రక్షక దళం విమానం, అనుమతి ఉందనుకుని రన్‌వే మీదికి వెళ్లింది. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం దాన్ని ఢీకొంది. పెద్ద విమానంలోని 379 మందీ బయటపడ్డారు, చిన్నదానిలో ఉన్న ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు.

రద్దీ విమానాశ్రయంలో టేకాఫ్ భద్రత ప్రయాణికులు విమానం ఎక్కే గేటు దగ్గరే మొదలవుతుంది. విమానం బరువు, గాలి, రన్‌వే పొడవు తీసుకుని టేకాఫ్ వేగాలను ఇద్దరమూ ఎవరి ట్యాబ్లెట్‌లో వాళ్లం విడివిడిగా లెక్కవేసి, ఆ తర్వాతే పోల్చి చూస్తాం. ఒకరు వేసిన లెక్కను మరొకరు చూసి తలూపితే సరిపోదు. వరుసలో ఉన్నప్పుడు ఒక్కోసారి టవర్ వాళ్లు, రన్‌వే మొదటి నుంచి కాకుండా మధ్యలోని దారి నుంచి వెళ్లగలరా అని అడుగుతారు. ఒప్పుకుంటే ముందున్న ఇద్దరిని దాటి వెళ్లిపోవచ్చు. కానీ ముందుండే రన్‌వే తగ్గుతుంది, పాత లెక్కలు చెల్లవు. ఆ లెక్క ముందే వేసి ఉంటే సరే. లేకపోతే కుదరదని చెప్పాలి. వెనక విమానాలు బారులు తీరి ఉండగా కుదరదని రేడియోలో చెప్పడం మొదట్లో నాకు ఇబ్బందిగా ఉండేది. ఇప్పుడు లేదు.

ఒక సాయంత్రం ముంబైలో రన్‌వే అంచున ఆగి ఉన్నాం. రేడియోలో మమ్మల్ని పిలిచే ఫ్లైట్ సంఖ్యలాగే వినిపించే సంఖ్యతో మరో విమానం అదే రన్‌వేకి ఎదురు పక్క దారిలో ఉంది. చివరి రెండు అంకెలు తారుమారు, అంతే తేడా. రన్‌వే మీదికి వచ్చి ఆగమని టవర్ గబగబా చెప్పింది. కెప్టెన్ చేయి బ్రేకు వైపు కదిలింది. నాకు అది మన సంఖ్యలా వినిపించలేదు. “సార్, ఆగండి. అది మనకేనా? అడుగుతాను” అన్నాను. ఆయన చేయి అక్కడే ఆగింది. ఆ అనుమతి ఎవరికి ఇచ్చారని టవర్‌ను అడిగాను. ఎదుటి విమానానికట. మేము అక్కడే ఉండిపోయాం. ఆయన ఆ విషయం గురించి అప్పుడేమీ అనలేదు, పదివేల అడుగుల కిందున్నంతసేపు విమానానికి సంబంధించని మాటలు నిషిద్ధం. హైదరాబాద్‌లో దిగాక కాగితాలు పూర్తిచేస్తూ, “సందేహం ఉన్నప్పుడు ‘సార్’ ముందు పెట్టకు, ‘ఆగండి’ ముందు పెట్టు” అన్నారు. శిక్షణ మొత్తంలో నాకు దొరికిన అత్యంత ఉపయోగకరమైన సవరణ ఇదే.

చివరి పరీక్ష విశేషం లేకుండా గడిచింది. పరిశీలకుడు వెనక సీటులో కూర్చుని ఏదో రాసుకున్నారు, ప్రశ్నలడిగారు, సంతకం పెట్టారు. ఇప్పుడు నేను రోజూ వేర్వేరు కెప్టెన్లతో ఎగురుతున్నాను. చాలామంది టేకాఫ్ ముందు చెప్పుకునే మాటల్లో, అనుమానం వస్తే గట్టిగా చెప్పమని వాళ్లంతట వాళ్లే అంటారు. అలా అనని వారితో ఆ మాట నేనే అంటాను.

నన్ను ఇంకా కలవరపెట్టే విషయం ఒకటుంది. గేటు దగ్గర ఉండేది అరగంట మాత్రమే. బయలుదేరే ముందు చివరి నిమిషంలో ప్రయాణికుల సంఖ్యో, సామాను బరువో మారిందని కాగితం వస్తుంది. సరిగ్గా అప్పుడే నేను రేడియోలో మాట్లాడుతూ ఉంటాను, కెప్టెన్ ఒక్కరే ఆ కాగితం చూస్తారు. అలాంటప్పుడు రేడియో పని అయ్యేదాకా అంకెలు మార్చవద్దని చేత్తో సైగ చేస్తాను. నా పని పూర్తయ్యాక ఇద్దరం కలిసి చదువుతాం, మళ్లీ విడివిడిగా లెక్క వేస్తాం. ఒకటి రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇంతవరకు ఏ కెప్టెన్ కూడా కాదనలేదు.