రొయ్యల గుంటల వాసన కాదు

నాయుడుపేట దాటేసరికి చీకటి పడింది. లైట్లు వేశాను. ఎదురొచ్చే లారీలన్నీ డిప్పర్ కొడుతుంటే, నిజం చెప్పొద్దూ, కాస్త గర్వపడ్డాను. పాతికేళ్ల బండికి ఇంత వెలుగా అని.

బండి శాన్ స్టార్మ్. గోవాలో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, 1149 సీసీ రెనో ఇంజిన్, ఫైబర్ బాడీ. చెన్నైలో కొని ఒంగోలులో ఇంటికి తెచ్చుకుంటున్నాను. తోడు మా బావ. బయల్దేరే వారం ముందు బ్యాటరీ చచ్చిపోతే అక్కడి కొట్టువాడు కొత్తది వేసి పంపాడు. పాతది ఎందుకు పోయిందో వాడూ చూడలేదు, నేనూ అడగలేదు.

నెల్లూరులో చేపల పులుసుతో భోంచేసి పెన్న దాటాం. కోవూరు వెనకబడ్డాక కుళ్లిన కోడిగుడ్డు వాసన మొదలైంది.

"ఈ పక్కంతా రొయ్యల గుంటలే కదయ్యా" అన్నాడు బావ. అద్దాలు ఎత్తేశాం. వాసన ఇంకా ఎక్కువైంది! అప్పుడన్నా బుర్ర వెలగాలి, వెలగలేదు. కావలి దగ్గర కుడివైపు హెడ్‌లైట్ బల్బు టప్పున పోయాక గానీ బండి పక్కన ఆపలేదు.

బానెట్ ఎత్తితే బ్యాటరీ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. మూతల దగ్గర యాసిడ్ తడి. బావ చూద్దామని జేబులోంచి లైటర్ తీశాడు. ఒక్క ఉదుటున చెయ్యి పట్టుకున్నాను. ఉడుకుతున్న బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది, నిప్పురవ్వ చాలు. సెల్‌ఫోన్ లైటు వేసుకుని బ్యాటరీకి వోల్ట్ మీటర్ పెట్టాను. ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీ దగ్గర 14 వోల్టులు, మహా అయితే 14న్నర ఉండాలి. ఐడ్లింగ్‌లో 14.9 చూపించింది. బావ యాక్సిలరేటర్ తొక్కితే 16.3. లైట్లు, వైపర్లు అన్నీ వేసినా దిగలేదు. ఆ రాత్రి కావలిలో లాడ్జి.

పొద్దున ఆటో ఎలక్ట్రీషియన్ ఒక పెద్దాయన దొరికాడు. "ఏం సార్ ఇది, బొమ్మ కారా?" అని నవ్వాడు. నా లెక్కలు విని ముందు బండి జోలికి పోలేదు. నా మీటర్ తీసుకెళ్లి తన ఆటోకి పెట్టి చూశాడు. మీటర్లో సెల్ వీకైతే అదే ఎక్కువ చూపిస్తుందట. నాకు తట్టని సంగతి. ఆటోలో 14.1 వచ్చింది. మీటర్ మంచిదే.

"కొత్త బ్యాటరీ వేసినాడే, అదే తేడానేమో" అన్నాను.

"బ్యాటరీలో సెల్ పోయుంటే వోల్టేజ్ ఎక్కదు సార్, దిగుద్ది. ఇది కటౌట్ పని."

వోల్టేజ్ హద్దు దాటకుండా చూసే రెగ్యులేటర్‌ని ఇక్కడ కటౌట్ అంటారు, ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని డైనమో అంటారు. ఈ బండికి కటౌట్ డైనమో వెనకే అతుక్కుని ఉంటుంది. లోపల షార్టయితే డైనమోలో అయస్కాంతంలా పనిచేసే ఫీల్డ్ కాయిల్‌కి ఆగకుండా కరెంటు పోతూనే ఉంటుంది. ఇంజిన్ ఎంత తిరిగితే అంత వోల్టేజ్. పాత బ్యాటరీని చంపిందీ ఇదే. కొత్తదాన్ని కూడా ఇంకో రెండు రోజుల్లో చంపేదే.

ఈ కారుకి సామాను కావలిలో ఎక్కడ దొరుకుతుంది? ఆయన లోపలి కటౌట్ తీసేసి, బ్రష్షుల దగ్గర్నుంచి వైర్లు బయటికి లాగి, విడిగా వేరే కటౌట్ బిగించాడు. అసలు ఆలస్యమంతా ఎర్త్ దగ్గర, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగెళ్లే దారి దగ్గర. మామూలు కారుకైతే రేకుకి ఎక్కడ బోల్టు వేసినా ఎర్తే. దీనికి చుట్టూ ఫైబర్. కటౌట్‌కి ఎర్త్ సరిగా అందకపోతే అది వోల్టేజ్‌ని తక్కువగా చూస్తుంది, మళ్లీ ఓవర్ ఛార్జింగే. అందుకని దాని ఎర్త్ వైరుని తిన్నగా బ్యాటరీ మైనస్‌కే తెచ్చి కలిపాడు. ఆ ఒక్క వైరు కోసం గంట మల్లగుల్లాలు పడ్డాడు. నేను టీలు తాగుతూ కూర్చున్నాను.

సాయంత్రానికి స్టార్ట్ చేశాం. ఐడ్లింగ్‌లో 13.9, తొక్కితే 14.2. అక్కడే నిలబడింది. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసి, కొత్త బల్బు వేసి పంపించాడు.

ఉలవపాడు దగ్గర రోడ్డు పక్కన మామిడిపండ్లు కొని, మసకపడుతుంటే లైట్లు వేశాను. ఎదురుగా వచ్చే లారీ ఒక్కటీ డిప్పర్ కొట్టలేదు.

బావ కాసేపు రోడ్డు వైపు చూసి, "ఏందయ్యా, లైట్లు తగ్గినాయి?" అన్నాడు.