క్యాప్ ఎంత గట్టిదైనా, కింద పన్ను మిగలాలి

రూట్ కెనాల్ పూర్తయి క్యాప్ మాట వచ్చేసరికి మా క్లినిక్‌లో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "డాక్టర్ గారూ, అన్నిటికంటే గట్టిది ఏదండీ?" కష్టార్జితం ఖర్చు పెడుతున్నప్పుడు ఎవరైనా అదే అడుగుతారు. అయితే కేవలం పదార్థాల అంకెలు చూసి చెప్పే జవాబు వారికి పెద్దగా అక్కరకు రాదు.

క్యాప్‌లు చేసే పదార్థాల్లో, వంపును విరగకుండా తట్టుకునే శక్తి మామూలు ఫెల్డ్‌స్పార్ పింగాణీకి సుమారు 60 నుంచి 100 మెగాపాస్కల్‌లు (బలాన్ని కొలిచే ప్రమాణం), గాజులో స్ఫటికాలు కలిసి ఉండే లిథియం డైసిలికేట్‌కు 360 నుంచి 500, జిర్కోనియం ఆక్సైడ్‌తో చేసే సంప్రదాయ జిర్కోనియాకు 900 పైమాటే. జిర్కోనియాలో పగులు మొదలైతే దాని కొన దగ్గరి స్ఫటికాలు రూపం మార్చుకుని కాస్త ఉబ్బి, ఆ పగులును నొక్కిపట్టి ముందుకు సాగనివ్వవు. అందం కోసం ఇట్రియా (జిర్కోనియాలో కలిపే మరో ఆక్సైడ్) పాలు పెంచి చేసే పారదర్శక జిర్కోనియాలో ఈ గుణమూ, దానితోపాటు బలమూ బాగా తగ్గుతాయి. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల ఈ తేడా పేషెంట్ల దాకా చేరడం లేదు. అది నన్ను బాధిస్తుంది.

పైగా ఇవి ల్యాబ్‌లో నున్నటి కడ్డీల మీద తీసిన కొలతలు. పింగాణీ నొక్కుడును ఓర్చుకుంటుంది కానీ లాగుడును ఓర్చుకోలేదు. నమిలేటప్పుడు పైన భారం పడితే క్యాప్ లోపలి ముఖంలో లాగుడు పుట్టి, తరచుగా అక్కడి సన్నని లోపం నుంచే పగులు బయలుదేరుతుంది. అందుకే ఆ లోపలి ముఖం పన్నుకు ఎలా అతుక్కుందన్నది చాలా ముఖ్యం. లిథియం డైసిలికేట్ ఆన్‌లే (పన్నంతా చుట్టకుండా నమిలే పైభాగాన్ని కప్పే ముక్క) లోపలి వైపు 5 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం 20 సెకన్లు ఉంచి, కడిగి ఆరబెడితే, అప్పటిదాకా మెరిసిన ఉపరితలం సుద్దలా తెల్లబడుతుంది. గాజు భాగం కరిగి స్ఫటికాల మధ్య ఏర్పడిన సందుల్లోకి, సైలేన్ (పింగాణీని, సిమెంటును కలిపే ద్రవం) పూశాక, పన్నుకు అతికించే రెజిన్ సిమెంటు దిగి పట్టుకుంటుంది. కింద ఎనామిల్ (పన్ను గట్టి పైపొర) మిగిలి ఉంటే, తక్కువ అంకె గల పింగాణీ కూడా అప్పుడు పన్నుతో కలిసి భారం మోస్తుంది. జిర్కోనియాలో అలాంటి గాజు లేదు కనుక దానిని అల్యూమినా రేణువులతో గరుకు చేసి, ఎం.డి.పి. (జిర్కోనియాకు రసాయనికంగా అతుక్కునే పదార్థం) ఉన్న ప్రైమర్ అనే పూత పూయాలి.

ఇక పన్ను సంగతి. చిగురుకు పైన చుట్టూరా 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగిలి, క్యాప్ దాన్ని చుట్టి పట్టుకోగలిగితే (దీన్నే ఫెర్రూల్ అంటాం) నాకు ధైర్యం ఉంటుంది. అది లేనిచోట ఎంత ఖరీదైన జిర్కోనియా తొడిగినా, క్యాప్ చెక్కుచెదరకుండా ఉండి, పన్నే చిగురు దగ్గర విరగవచ్చు. పింగాణీ చిట్లితే మళ్ళీ చేయించుకోవచ్చు. వేరు నిలువునా చీలితే చాలావరకు పన్ను తీయించుకోవలసిందే. కాబట్టి గోడలు బాగా మిగిలిన దవడ పన్నును చుట్టూ అరగదీసి నిండు క్యాప్ వేయడం కంటే, బలహీనమైన మొనలను కప్పే ఆన్‌లే వైపే నేను మొగ్గుతాను. నిద్రలో పళ్ళు కొరికేవారికి మాత్రం నిండు జిర్కోనియా, దానితోపాటు రాత్రి పళ్ళకు తొడుక్కునే నైట్ గార్డు సూచిస్తాను.

క్యాప్ ఎత్తుగా తగులుతోందని నోట్లోనే బర్‌తో (డ్రిల్లు మొనతో) అరగదీస్తే, ఆ చోటును అప్పటికప్పుడే రబ్బరు పాలిషర్లతో నునుపు చేయాలి. గరుకుగా వదిలేస్తే ఎదుటి పన్ను ఎనామిల్ అరిగిపోతుంది.