మోసిన్ బ్యారెల్‌లో రాగి ఇంకా వదల్లేదు

ఈ వారాంతం కూడా ప్యాచ్ (బ్యారెల్ తుడిచే గుడ్డ ముక్క) నీలంగానే వచ్చింది. నీలమంటే లోపల ఇంకా రాగి ఉన్నట్టే. విసుగొస్తోంది. రైఫిల్ 1943 ఇజెవ్‌స్క్ మోసిన్ నాగాంట్ 91/30, బ్యారెల్ 28.7 అంగుళాలు. గొడవంతా మూతి వైపు చివరి 5 అంగుళాల్లోనే. బ్యారెల్ లోపలి నాలుగు గాడుల్లో రెండింటి నిండా బుల్లెట్ల తొడుగు నుంచి అంటిన రాగి చారలు. టెస్‌లాంగ్ బోర్‌స్కోప్ (బ్యారెల్ లోపల చూపే సన్న కెమెరా) కొన్నాకే ఇవి కంటబడ్డాయి. అది కొననంత కాలం హాయిగా ఉన్నాను, ఇప్పుడు రోజూ టెన్షన్.

ఉప్పు సంగతి మాత్రం కుదిరింది. పాత సర్‌ప్లస్ (సైన్యం మిగులు) తూటాల ప్రైమర్, అంటే మందును అంటించే నిప్పు గుళిక, కాలాక మిగిలే పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పు నూనెల్లో కరగదు, నీళ్లు కావాల్సిందే. రేంజ్ నుంచి రాగానే ఛాంబర్ వైపు నుంచి గరాటుతో లీటరు మరిగిన నీళ్లు పోసి, ఆరాక బాలిస్టాల్ నూనె పట్టిస్తున్నాను. హ్యూస్టన్ ఉక్కలో కూడా తుప్పు లేదు. అద్దాలు తుడిచే విండెక్స్ కొట్టమనేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో ఉప్పును కడిగేది నీళ్లే, అమోనియా కాదు. ఆ నీళ్లు కుళాయిలో ఊరికే వస్తాయి.

ఇక రాగి. తుపాకీ శుభ్రం చేసే ద్రావణం హోప్స్ నంబర్ 9 రాత్రంతా ఉంచితే తెల్లారి ప్యాచ్ మీద నలుపు దండిగా, చిలుము రంగు కొంచెం. మసికి అది మంచిదే, రాగికి మరీ నెమ్మది. అందుకే రాగిని కరిగించే స్వీట్స్ 7.62 పట్టుకున్నాను. అమోనియా సరుకు, మూత తీస్తే కళ్లు మండుతాయి. గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తి, నైట్రైల్ గ్లౌజులు వేసుకున్నాకే సీసా ముట్టుకుంటాను. 15 నిమిషాలకు మించి ఉంచొద్దంటారు, నేను పదికే తుడిచేస్తున్నా. మొదటి ప్యాచ్ ముదురు నీలం, తర్వాతది లేత నీలం, ఆ తర్వాతది దాదాపు తెలుపు. హమ్మయ్య అనుకుని స్కోప్ పెడితే చారలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

మొదటి అనుమానం ఇత్తడి జాగ్ (ప్యాచ్‌ను తోసే కడ్డీ కొన) మీద. అమోనియా దాన్నీ తింటుంది కాబట్టి నీలం అక్కడి నుంచీ రావచ్చు. జాగ్, బ్రష్ రెండూ నైలాన్‌వి పెట్టాను. రంగు కాస్త తగ్గింది కానీ పోలేదు. ఆ తర్వాత ఎండ మీద అనుమానం. గ్యారేజీలో 36 డిగ్రీలు, మందు పనిచేసేలోపే ఆరిపోతోందేమోనని సగం సమయానికి ఇంకో తడి ప్యాచ్ తోశాను. ఏ తేడా లేదు.

ఇప్పుడు నా ఊహ పొరల మీద ఉంది. స్వీట్స్ ప్యాచ్ తెల్లబడ్డాక బ్యారెల్ పూర్తిగా తుడిచి ఆరబెట్టి, రాత్రికి హోప్స్ పెట్టాను. తెల్లారి బొగ్గు లాంటి నలుపు వచ్చింది. దాన్నంతా తీసేసి మళ్లీ స్వీట్స్ వేస్తే మళ్లీ ముదురు నీలమే! అంటే రాగి మీద మసి, ఆ మసి కింద ఇంకో వరస రాగి. అమోనియా మసిని దాటలేదు, కాబట్టి పై పొర అయిపోగానే ప్యాచ్ తెల్లగా వచ్చి మోసం చేస్తోంది. ఆ రెండు గాడుల్లో పాత తుప్పు తిన్న గుంటలు కూడా ఉన్నాయి. బుల్లెట్ వెళ్లిన ప్రతిసారీ అవే రాగిని గీరుకుంటున్నట్టున్నాయి.

సలహాలకు కొదవ లేదు. వెనిగర్, పెరాక్సైడ్ కలిపి పొయ్యమంటాడు మా బావమరిది. ఆ ద్రావణం సీసం లోహాన్ని (లెడ్‌ను) లెడ్ అసిటేట్‌గా మారుస్తుంది. నీళ్లలో కరిగే విషం అది, ఇంట్లో పిల్లలున్నారు. క్లోరినేటెడ్ బ్రేక్ క్లీనర్ కూడా వద్దు. నా గ్యారేజీలో గ్యాస్ వాటర్ హీటర్ మంట ఉంది, ఆ ఆవిరి మంటకు తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టొచ్చు. అమ్మేమో వీడియో కాల్‌లో చూసి "చింతపండు పెట్టి తోమరా" అంది. ఇత్తడి బిందెకైతే సరే, ఉక్కుకు పులుపు తగిలితే తుప్పే.

వచ్చే వారం రాగిని తీసే వైప్-ఔట్ ఫోమ్ (నురగ) వాడతాను. అమోనియా లేదు కాబట్టి రాత్రంతా వదిలేయొచ్చు. దానికీ లొంగకపోతే గీకి తీసే జేబీ పేస్ట్, అదీ ఆ 5 అంగుళాల వరకే. రాపిడి సరుకంటే నాకు ఇష్టం లేదు, ఆఖరి అస్త్రంగానే తీస్తాను. ఈలోపు 100 గజాల దగ్గర గ్రూప్ (గుళ్లు పడిన చోట్ల వెడల్పు) 4 అంగుళాలే వస్తోంది కాబట్టి కాల్చడం ఆపట్లేదు.

చలికాలంలో స్టాక్ (రైఫిల్ చెక్క భాగం) పని పెట్టుకోవాలి. దాని మీదున్నది లక్క పూత, ఆల్కహాల్ తగిలితే కరిగిపోతుంది. ట్రిగ్గర్ గార్డ్ దగ్గర ఇప్పటికే అరచేతి వెడల్పున లేచిపోయింది. లక్క రేకులు అరకిలో ఆర్డర్ పెట్టాను.