ఎవరింటి హెడ్జ్ అయినా ముందు కిందికి చూడండి

తిరుపతిలో పొద్దున్నే నడకకు వెళ్లేవాళ్లు ఎక్కడో ఒకచోట ఠక్కున ఆగుతారు. గేటు పక్క నుంచి మూల దాకా గీత గీసినట్టు బంగారు రంగు ఆకుల దురంతా మొక్కల కంచె, అదే హెడ్జ్. చూడగానే కళ్లు పైకే వెళ్తాయి, ఆ పై అంచు ఎంత తిన్నగా ఉందోనని. పై అంచుదేముంది, పురికొస కట్టి కత్తెర ఆడిస్తే ఎవరికైనా వస్తుంది. ఆ ఇంటివాళ్ల పనితనం తెలియాలంటే వంగి మొదళ్లు చూడాలి. నేలకు జానెడు ఎత్తులో కూడా ఆకులు ఒత్తుగా ఉన్నాయంటే, ఆ హెడ్జ్‌ను మొదటి ఏడాదే దాని మీద జాలి పడకుండా కత్తిరించారన్నమాట.

చాలామంది చేయలేనిది అదే. నర్సరీ నుంచి అడుగున్నర మొక్క తెస్తారు, ముచ్చటగా ఉందని వదిలేస్తారు, నాలుగడుగులు పెరిగాక అప్పుడు కత్తెర పడతారు. అప్పటికే ఆలస్యం. కొన మొగ్గలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ పక్క మొగ్గల్ని లేవనీయదు. కొన తీసేస్తే ఆ అడ్డు పోతుంది, కోసిన చోటుకు కిందున్న రెండు మూడు కణుపులు చిగురిస్తాయి. కాబట్టి కొమ్మలు ఎక్కడ గుబురుగా కావాలో దానికి పైనే కోయాలి. నాటిన నెలకు మొక్క వేరు పట్టిందని తెలిశాక, దాన్ని నేలకు ఆరంగుళాల ఎత్తుకు నరికేయండి. తర్వాత కొత్త చిగురు ఆరంగుళాలు పెరిగిన ప్రతిసారీ సగం తీసేయాలి. ఇలా నాలుగైదు కోతలు పడితేనే అడుగు భాగం నిండుతుంది. ఎత్తు కోసం తొందరపడిన కంచె చివరికి కాళ్లు బయటపడ్డ మేకలా తయారవుతుంది.

రెండో సంగతి వాలు. బాగున్న హెడ్జ్‌ను పక్క నుంచి చూడండి, కింద వెడల్పు, పైన కాస్త ఇరుకు. నాలుగడుగుల ఎత్తుకు అడుగున రెండడుగులు ఉంటే పైన అడుగున్నర చాలు. నిలువుగా కోసినా, అంతకంటే ఘోరంగా పై భాగం బయటికి తోసుకొచ్చేలా వదిలినా, కింది ఆకులకు ఎండ అందదు. మన ఊరికి ఇది ఇంకా ముఖ్యం. తిరుపతి దాదాపు పదమూడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది కనుక ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మధ్యలో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ నెలల్లో పై భాగం గొడుగులా మారి తన కిందే నీడ వేసుకుంటుంది. తూర్పు పడమరలుగా సాగిన కంచెకు డిసెంబర్, జనవరిలో ఉత్తరపు ముఖం నీడలో పడి పలచబడుతుంది. అది జబ్బు కాదు, మందులు కొట్టకండి. ఆ వైపు వాలు కాస్త పెంచండి.

నాటడానికి జూలై, ఆగస్టు నెలలు మేలు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడతాయి, ఆలోపు వేరు నిలదొక్కుకోవాలి. అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు కాలువ తవ్వి రెండు పాళ్లు మట్టికి ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. చెదల బెడద ఉన్న ఎర్రనేలైతే గజానికి గుప్పెడు వేపపిండి కూడా. దురంతాకు అడుగు దూరం సరిపోతుంది, అంటే ముప్పై అడుగుల కంచెకు ముప్పై మొక్కలు. మందారానికి అడుగున్నర పెట్టండి. గోడకు ఆనించి మాత్రం నాటకండి. వెనక మనిషి పట్టేంత సందు లేకపోతే ఆ వైపు ఎప్పటికీ కత్తెర పడదు. కొత్త కాంపౌండ్ గోడ వారనైతే ఇంకో తంటా ఉంది. గోడ కట్టినప్పుడు రాలిన సిమెంటు, కంకర, సున్నం మట్టిలోనే ఉండిపోతాయి. వాటిని ఏరేయకుండా నాటితే ఏడాది తిరక్కుండా ఆకులు పాలిపోతాయి.

పాలిపోవడం అంటే గుర్తొచ్చింది, పసుపు దురంతాకు ఆ రంగు పుట్టుకతోనే ఉంటుంది కనుక చాలామంది పోల్చుకోలేరు. లేత ఆకు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము లోపం. బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే మట్టిలో ఇనుమున్నా వేరు తీసుకోలేదు. నూరువరహాల కంచెలకు ఇది మరీ ఎక్కువ. లీటరు నీళ్లకు అయిదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయాలి. పది పదిహేను రోజుల ఎడంతో రెండు మూడు సార్లు చాలు. గోడ మీదా, గచ్చు మీదా పడితే తుప్పు మరకలు పోవు, గోనెపట్టా అడ్డం పెట్టుకోండి. పసుపు దురంతా ముదురాకుపచ్చకు తిరిగితే మాత్రం అది వేరే కథ, ఎండ చాలడం లేదు.

దురంతా మీద కనిపించే ఇంకో మోసగాడు సీతమ్మ పోగునూలు. కొందరు బంగారు తీగ అంటారు. ఆకుల్లేని ఆ పసుపు దారాలు పసుపు ఆకుల్లో కలిసిపోయి, సగం కంచెను చుట్టేదాకా కంటపడవు. చేత్తో లాగి తెంపితే ప్రయోజనం లేదు, ముక్క మిగిలినా మళ్లీ అల్లుకుంటుంది. అది పట్టిన కొమ్మల్ని తీగతో సహా, పూత రాకముందే నరికి కాల్చేయాలి. కంచెలో సందు పడ్డా పర్వాలేదు.

కోత రోజు కత్తెర పదును చూసుకోండి. కోసిన రెండో రోజుకు ఆకు అంచులు గోధుమరంగుకు తిరిగి పీచులు పీచులుగా కనిపిస్తే కత్తెర మొద్దుబారినట్టే. కింది నుంచి పైకి కోస్తూ రావాలి. పై నుంచి మొదలుపెడితే చెయ్యి అలిసే వేళకు అడుగు భాగం మిగిలిపోతుంది, అక్కడే కోత ఎక్కువ అవసరం. వానాకాలంలో మూడు నాలుగు వారాలకోసారి, చలికాలంలో నెలన్నరకోసారి. ఏప్రిల్, మే నెలల్లో లోతుగా కోయకండి, ఇన్నాళ్లూ నీడలో ఉన్న లోపలి ఆకులు ఒక్కసారిగా ఎండకు బయటపడి మాడిపోతాయి. మందారం, అకాలిఫా లాంటి పెద్దాకు మొక్కలకు పెద్ద కత్తెరగానీ, కరెంటు మిషన్‌గానీ వాడితే సగం తెగిన ఆకులు వేలాడి వికారంగా ఉంటాయి. వాటికి సికేచర్ అనే చేతి కత్తెర‌తో కొమ్మ కొమ్మా కోయాల్సిందే. ఓపిక లేనివాళ్లు అలాంటి మొక్కల్ని హెడ్జ్‌గా ఎంచుకోకపోవడమే మంచిది.

నీళ్లకు డ్రిప్ లైన్ ఉత్తమం. అడుగుకో రంధ్రం, గంటకు నాలుగు లీటర్ల లెక్కన ఉన్న పైపును ఎండాకాలంలో రోజు విడిచి రోజు ముప్పావు గంట వదిలితే మీటరుకు దాదాపు పది లీటర్లు పడతాయి. దానికి తోడు పదిహేను రోజులకోసారి పైపుతో ఆకుల దుమ్ము కడగాలి, రోడ్డు వైపు ముఖం పలచబడటానికి దుమ్ము కూడా కారణం.

మధ్యలో ఒక మొక్క చచ్చి సందు పడితే చిన్న మొక్క పెట్టి లాభం లేదు, పక్క మొక్కల వేళ్లు దాన్ని బతకనీయవు. ఆ గుంతకు రెండు వైపులా పారతో వేళ్లు తెగ్గొట్టి, మట్టి మార్చి, రెండడుగుల మొక్క పెట్టండి. పక్క కొమ్మల్ని సందులోకి వంచి కట్టినా ఒక వానాకాలంలో మూసుకుపోతుంది. మొదళ్లు బోసిపోయిన పాత కంచెకు కూడా మందుంది. జూలైలో ఒక వైపు మొద్దుల దాకా నరికి, రెండో వైపు వచ్చే ఏడాదికి ఉంచండి. దురంతా, గోరింట, మందారం, కాగితం పూలు ముదురు కొయ్య నుంచి చిగురిస్తాయి. సరుగుడు, థూజా అలా చిగుర్చవు, ఆకుల్లేని భాగం దాకా కోస్తే అక్కడితో సరి.

మధుకామిని గురించి ఒక మాట. వాన పడ్డాక దాని పూలవాసన వీధి చివరిదాకా వస్తుంది, కంచెగా నెమ్మదిగా పెరిగినా గట్టిగా నిలుస్తుంది. కానీ అది నిమ్మ జాతికి బంధువు. నిమ్మ, బత్తాయిల్లో గ్రీనింగ్ తెగులును మోసుకెళ్లే సిల్లిడ్ పురుగు దీని లేత చిగుళ్ల మీదా పెరుగుతుంది. గూడూరు, వెంకటగిరి వైపు నిమ్మతోటల దగ్గర ఉండేవాళ్లు దీని జోలికి పోవద్దు. చిన్నపిల్లలున్న ఇంట్లో దురంతా పసుపు కాయల్నీ కనిపెట్టుకోవాలి, అవి విషం. తరచూ కత్తిరిస్తే పూతా రాదు, కాయా రాదు.

దారిన పోతూ మెచ్చుకున్న హెడ్జ్ మీకూ కావాలనిపిస్తే కొమ్మ తుంచకండి. వానాకాలంలో కోత పడే రోజు చూసుకుని, "అన్నా, ఈ కొమ్మలు పారేసేవేనా, నాలుగు తీసుకోనా?" అని అడగండి. ఎటూ బండికెత్తే చెత్తే కదా, కాదనేవాళ్లు తక్కువ. పెన్సిల్ లావు కొమ్మను జానెడు ముక్కలు చేసి, కింది ఆకులు తీసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా నీడలో గుచ్చితే నెల, నెలన్నరలో వేళ్లు వస్తాయి. పది గుచ్చితే పదీ బతకవు, కావలసిన దానికి సగం ఎక్కువే గుచ్చుకోండి.