ఒక్క గరిటెడు నీళ్లతో శుచి

అపవిత్రః పవిత్రో వా సర్వావస్థాం గతోఽపి వా
యః స్మరేత్ పుండరీకాక్షం స బాహ్యాభ్యంతరః శుచిః

సత్యనారాయణ వ్రతానికి పీటల మీద కూర్చోగానే వినబడే శ్లోకమిది. పంతులుగారు చదువుతూ ఉంటారు, మనం ఒక చేత్తో ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుంటూ ఇంకో చేత్తో నెత్తి మీద నాలుగు చుక్కలు చల్లుకుంటాం. ఆచమనం సంగతి చెప్పనే అక్కర్లేదు. మినపగింజ మునిగేటంత నీరు చాలని పెద్దలు చెప్పారు. మనం ఉద్ధరిణె నిండా తోడితే అది మోచేతి దాకా కారుతుంది, కేశవుడి పేరు పూర్తయ్యేలోపు మాధవుడి పేరు వచ్చేస్తుంది. చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఇంత పట్టింపు నాకు టోక్యోలో ఉద్యోగం చేసిన రోజుల్లో, మెయిజీ జింగూ అనే షింటో గుడి వల్ల వచ్చింది. షింటో అంటే జపాన్ వాళ్ల సొంత మతం.

హరజుకు స్టేషన్ దిగితే ఒక పక్క తకేషితా వీధి. బట్టల కొట్లు, క్రేప్ బళ్లు, కుర్రకారు తొక్కిసలాట. రెండో పక్క చిన్న వంతెన దాటితే చెక్క తోరణం, దాని వెనక అడవి. ఆ తోరణాన్ని వాళ్లు తొరీ అంటారు. తెల్లవారగానే గుడి తెరుస్తారు కాబట్టి ఆఫీసుకు పోయేముందు వెళ్లేదాన్ని. కంకర దారిలో కొంచెం దూరం నడిచేసరికి రైళ్ల చప్పుడు సన్నగిల్లి కాకుల అరుపులు మిగులుతాయి. ఇది దానంతటదే పెరిగిన అడవి కాదు. మెయిజీ చక్రవర్తి, షోకెన్ మహారాణి పేరిట 1920లో గుడి కట్టినప్పుడు దేశం నలుమూలల నుంచి జనం దాదాపు లక్ష మొక్కలు పంపితే, వాటితో మనుషులు నాటిన వనం. దారి మీద రాలిన ఆకులను పెద్ద చీపుళ్లతో ఊడ్చి మళ్లీ ఆ చెట్ల కిందే పోస్తారు. ఒక్క ఆకు కూడా చెత్తబండి ఎక్కదు.

తొరీ దగ్గర ఆగి తలవంచి లోపలికి వెళ్లాలి, దారి మధ్యన కాకుండా ఓ పక్కగా నడవాలి. మధ్య దారి దేవుడిది. సూటూ బూటూ వేసుకుని పనికి పరుగెత్తే మనిషి కూడా అక్కడ ఒక్క క్షణం ఆగి వంగడం చూశాను.

నా మనసంతా మాత్రం తెమిజు దగ్గరే, అంటే దర్శనానికి ముందు చేతులూ నోరూ కడుక్కునే చోటే, ఉండిపోయింది. గుడి ముందర రాతి తొట్టి, దాని మీద పొడుగు కాడ ఉన్న గరిటెలు. ఒకరోజు నా ముందున్న పెద్దావిడ చేతిసంచీ మోచేతికి తగిలించుకుని, కుడిచేత్తో గరిటె నిండా నీళ్లు ముంచింది. ముందు ఎడమ చెయ్యి కడుక్కుంది. గరిటె చెయ్యి మార్చి కుడిది కడుక్కుంది. మళ్లీ కుడిచేతిలోకి తీసుకుని ఎడమ దోసిట్లో కాసిని పోసుకుని నోరు పుక్కిలించింది. గరిటెకు పెదవి తగలనివ్వలేదు. ఎంగిలి పట్టింపు మనకొక్కళ్లకే ఉందనుకుంటాం కదా! ఎడమ చెయ్యి ఇంకోసారి కడుక్కుంది. ఆఖరికి గరిటెను నిటారుగా నిలబెట్టింది. అడుగున మిగిలిన నీళ్లు కాడ పొడుగునా జారి, ఆవిడ పట్టుకున్న చోటును కడిగేశాయి. అప్పుడు బోర్లించి, వెనకున్న నాకు చోటిచ్చి పక్కకు తప్పుకుంది. ఇదంతా ఒక్క గరిటెడు నీళ్లతోనే.

ఈ నీళ్ల వెనక వాళ్ల పురాణం ఉంది. 712 నాటి కోజికి అనే వాళ్ల పాత గ్రంథంలో చెప్పారు. చనిపోయిన భార్య కోసం ఇజనాగి అనే దేవుడు పాతాళానికి వెళ్లి, అక్కడి మైల అంటించుకుని తిరిగొచ్చి నదిలో స్నానం చేస్తాడు. ఎడమ కన్ను కడుగుతుంటే సూర్యదేవత అమతెరాసు పుడుతుంది, కుడి కన్ను కడుగుతుంటే చంద్రుడు పుడతాడు. ఇది తెలిసినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది. మనం చదివే పురుషసూక్తంలో "చక్షోః సూర్యో అజాయత" అని లేదూ? విశ్వరూపాన్ని చూసి అర్జునుడు "శశిసూర్యనేత్రం" అనలేదూ? ఇద్దరి కథా ఒకటేనని నేననను. కానీ లోపలా బయటా శుచి కావడానికి మన శ్లోకం పుండరీకాక్షుణ్ణే, ఆ తామరకళ్లవాణ్ణే ఎందుకు తలుచుకోమందో నాకు ఆ తొట్టి దగ్గర తట్టింది. ఆ కళ్లలోనే సూర్యచంద్రులున్నారు. ఆయన చూపు పడితే లోపల చీకటి ఎక్కడ నిలుస్తుంది? అంత పెద్ద చూపును పిలుస్తూ ఫోన్ తడుముకుంటామా?

ఇంకో మాట. ఆ పెద్దావిడ తన చేతులు, తన నోరు కడుక్కుని అక్కడితో ఆపలేదు. తర్వాత పట్టుకోబోయే చేతి కోసం కాడ కూడా కడిగింది. ఆ చెయ్యి ఎవరిదో ఆవిడకు తెలియదు. అది నాది. కరోనా వచ్చాక చాలా గుళ్లలో గరిటెలు తీసేసి నీటిధార పెట్టారు. నాకు అందుకే బాధనిపిస్తుంది. మన బాహ్యశుచి మడిబట్ట దగ్గరే ఆగిపోతోంది. మనం కాళ్లు కడుక్కున్న కుళాయి దగ్గర బురద, మనం తిన్న ప్రసాదం ఆకు దొన్నె మండపం స్తంభం పక్కన. పుండరీకాక్షుడు అది చూడడా?

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. సంకల్పం చెప్పుకోండి, మూడు మునకలు వేయండి, పెద్దలకు పిండప్రదానం చేయండి. లేచాక, మీ వెనక మెట్టు దిగడానికి ఎదురుచూస్తున్న వాళ్లెవరో ఒక్కసారి చూడండి. విడిచిన బట్టలు నీళ్లలో వదలకండి. షాంపూ ప్యాకెట్లు, పసుపు కుంకుమల ప్లాస్టిక్ కవర్లు చేతిసంచీలో వేసుకోండి. మీరు నిలబడ్డ మెట్టు మీద ఒక చెంబెడు నీళ్లు పోసి, అప్పుడు పైకి రండి.